పాలిష్ కన్నా ముందు కీళ్లు: పాత కొయ్య సామాను బాగుచేసుకోవడం

పాత కుర్చీనో బల్లనో బాగుచేసుకుందామనుకున్నవాళ్లు నన్ను మొదట అడిగేది పాలిష్ గురించే. ఏ కంపెనీది కొనాలి, ఎన్ని కోటింగులు వెయ్యాలి, అద్దంలా మెరవాలంటే ఏం చెయ్యాలి అని. పాలిష్ ఆఖరి పని. కీళ్లు వదులైన కుర్చీకి ఎంత మంచి పాలిష్ వేసినా, కూర్చున్న ప్రతిసారీ కాలు కదులుతుంది. కీలు దగ్గర పాలిష్ చిట్లి తెల్లటి గీత పడుతుంది. ఆ సందులోంచి తేమ, దుమ్ము లోపలికి పోతాయి. అందుకే ఇక్కడ కీళ్ల గురించే ఎక్కువ రాస్తున్నాను.

నాకు ఈ పని నేర్పింది మా మేనమామ. లాలాగూడ రైల్వే వర్క్‌షాప్‌లో కార్పెంటర్‌గా చేసి రిటైరయ్యారు. మెట్టుగూడలో ఆయన ఇంటి వెనక రేకుల షెడ్డులోనే ఉలి పట్టుకోవడం నేర్చుకున్నాను. ఆయన ప్రతి పనికీ ఒకటే పరీక్ష పెట్టేవారు. “చూడమ్మా, నువ్వు వేసిన అతుకుని రేపు ఇంకొకళ్లు విప్పగలగాలి. విప్పడానికి లేకుండా చేశావంటే ఆ వస్తువుకి అదే ఆఖరి రిపేరు” అనేవారు. ఏ జిగురు వాడాలి, మేకు కొట్టాలా వద్దా, పాత పాలిష్ గీకాలా ఉంచాలా అన్న ప్రతి ప్రశ్నకీ నాకు ఆ మాటలోనే జవాబు దొరుకుతుంది.

మొదటి కుర్చీ ఎంచుకోవడం

తాతగారి బీరువాతోనో అమ్మమ్మ పందిరి మంచంతోనో నేర్చుకోవడం మొదలుపెట్టకండి. చెయ్యి కుదిరేదాకా అవి అలాగే ఉండనివ్వండి. నక్షీ పని లేని, తిన్నటి కాళ్లున్న మామూలు టేకు కుర్చీ ఒకటి చాలు. ఇంట్లో అటక మీద లేకపోతే గురువారం పొద్దున్నే జుమ్మెరాత్ బజార్‌కి వెళ్లండి. పురానాపూల్ దగ్గర జరిగే ఈ పాత సామాన్ల సంతలో కొయ్య కుర్చీలు, స్టూళ్లు, విరిగిన టీపాయిలు దొరుకుతూనే ఉంటాయి. ఎండ ముదరకముందే వెళ్తే నిదానంగా తిప్పి చూసుకోవచ్చు.

కుర్చీని కొనేముందు బోర్లించి చూడండి. పైన ఎవరైనా రంగు పూసి నమ్మించవచ్చు, సీటు అడుగున మాత్రం ఎవరూ పూయరు. కొయ్య అసలు రంగు, పాత అతుకులు, కొట్టిన మేకులు అన్నీ అక్కడే కనిపిస్తాయి. అడుగున ఒక మూల గోరుతోనో చిన్న చాకుతోనో కొంచెం గీకి వాసన చూడండి. టేకు అయితే తోలు వాసనకి దగ్గరగా, నూనె తగిలినట్టు ఉండే ఒక వాసన వస్తుంది. ఒకసారి గుర్తుపట్టారంటే మళ్లీ మరిచిపోరు. రోజ్‌వుడ్ బాగా బరువుగా, ఊదా కలిసిన ముదురు గోధుమ రంగులో ఉంటుంది. మామిడి చెక్క పాలిపోయినట్టు ఉంటుంది, దాన్ని పురుగు ఇష్టపడుతుంది. అమ్మేవాళ్లు అంతా ‘బల్లార్షా టేకు’ అనే చెబుతారు. మీరు మాత్రం మీ ముక్కునే నమ్మండి.

ఇక పార్టికల్ బోర్డు, ఎండీఎఫ్‌, అంటే కొయ్య పొట్టుని, నారని జిగురుతో నొక్కి చేసే బోర్డులతో చేసినవాటి జోలికి పోవద్దు. నీళ్లు తగిలి ఒకసారి ఉబ్బిన పార్టికల్ బోర్డు మళ్లీ మామూలు మందానికి రాదు, స్క్రూ కూడా పట్టదు. వాటి మీద పడే కష్టం వృథా.

పురుగు సంగతి కొనేముందే చూసుకోవాలి. గుండుసూది తలంత బెజ్జాలుండి, వాటి అంచులు తెల్లగా తాజాగా కనిపిస్తున్నా, తట్టినప్పుడు టాల్కం పౌడర్ లాంటి మెత్తటి పొడి రాలుతున్నా లోపల పురుగు బతికే ఉంది. బెజ్జాల అంచులు నల్లబడి, పొడి రాలకపోతే అది చాలావరకు పాత సంగతే. బతికున్న పురుగుతో ఆ కుర్చీని ఇంట్లోకి తేవద్దు. మేడ మీదే ఉంచి, కొయ్య పురుగుల మందుని సిరంజితో ఒక్కో బెజ్జంలోకీ ఎక్కించి, పాలిథిన్ కవరులో చుట్టి కొన్నాళ్లు వదిలెయ్యండి. గ్లవ్స్ వేసుకోవడం మరవకండి. చెదలు పట్టి లోపల డొల్లయిన కాలుని మాత్రం మందు నిలబెట్టలేదు, ఆ ముక్కని మార్చాల్సిందే.

ఇరానీ హోటళ్లలో పాలరాతి బల్లల చుట్టూ ఉండే వంపు కొయ్య కుర్చీలంటే నాకు చాలా ఇష్టం. వాటికి పెద్దక్క లాంటిది 1859లో మైకేల్ థోనెట్ తెచ్చిన 14వ నంబరు కుర్చీ. ఆవిరి పట్టి వంచిన ఆరు కొయ్య ముక్కలు, పది స్క్రూలు, రెండు నట్లు, అంతే. విప్పేసి ఒక ఘన మీటరు పెట్టెలో 36 కుర్చీలు సర్ది ఓడల్లో పంపేవారు. విప్పి మళ్లీ బిగించేలా చేసిన వస్తువు ఎంతకాలం బతుకుతుందో చెప్పడానికి నాకు ఇంతకన్నా మంచి ఉదాహరణ తెలియదు. కానీ అందులో వంచిన ముక్క చీలితే అతకడం కొత్తవాళ్ల వల్ల కాదు. స్క్రూలు వదులైనవి దొరికితే తెచ్చుకోండి, వంపు విరిగినవి వద్దు.

పనిముట్ల గురించి కొంచెమే

మొదట్లోనే మెషిన్లు కొనకండి. అరంగుళం ఉలి ఒకటి, పావంగుళం ఉలి ఒకటి, కొయ్యతో చేసిన సుత్తి, అంటే కొడతి, క్లాంపులు రెండు, నాలుగు మీటర్ల గట్టి నూలు తాడు, పాత టూత్ బ్రష్‌లు, సాండ్‌ పేపర్ 120, 180, 220, 320 నంబర్లు. రాణిగంజ్‌లో ఇవన్నీ ఒకే వీధిలో దొరుకుతాయి. ఉలి ఏ కంపెనీది అన్నదానికన్నా దానికి సాన ఎలా పట్టారన్నదే ముఖ్యం. టేకులో సహజంగానే ఇసుక లాంటి సిలికా ఉంటుంది. అది పదునుని త్వరగా తినేస్తుంది, కాబట్టి సానరాయి పక్కనే ఉండాలి. మొద్దు ఉలిని బలంగా నెట్టాల్సి వస్తుంది, అలా నెట్టినప్పుడే చెయ్యి తెగుతుంది.

అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లు గీకుడు పని, పాలిష్ స్పిరిట్‌తో చేసే పని బాల్కనీలోనో మేడ మీద నీడలోనో పెట్టుకోండి. టేకు పొడి ముక్కులోకి వెళ్తే తుమ్ములు, కొందరికి చర్మం మీద దద్దుర్లు వస్తాయి. ఎన్95 మాస్కు పెట్టుకోండి, చేతిరుమాలు కట్టుకుంటే సరిపోదు.

ఊగే కుర్చీని నిలబెట్టడం

కుర్చీని బాగా సమంగా ఉన్న నేల మీద పెట్టి, వెనకపట్టీ పట్టుకుని మెల్లగా నాలుగు దిక్కులకీ ఊపండి. చెవి దగ్గర పెట్టి వినండి. కిర్రుమనేది ఏ కీలో, ఏ సందు తెరుచుకుని మూసుకుంటోందో చూసి అక్కడ సుద్దముక్కతో గుర్తు పెట్టండి. అన్ని కీళ్లూ విప్పాలన్న నియమం లేదు. గట్టిగా ఉన్నదాన్ని ముట్టుకోకండి. బాగున్న కీలుని బలవంతంగా ఊడదీస్తే కొయ్య చీలుతుంది.

పాత కుర్చీల్లో ఎక్కువగా ఉండే కీలు ఇలా పనిచేస్తుంది. అడ్డపట్టీ చివరని సన్నంగా చెక్కుతారు, దాన్ని కుసి అంటారు. కాలులో దానికి సరిపడా బెజ్జం తొలుస్తారు. కుసి ఆ బెజ్జంలో బిగుతుగా దిగుతుంది. బలమంతా ఆ బిగుతులో ఉంది, జిగురు దాన్ని కదలకుండా పట్టుకుంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ జిగురు ఎండి పొడైపోతుంది, వానాకాలం ఉబ్బి ఎండాకాలం కుంచించుకుని కుసి కొంచెం సన్నబడుతుంది. కుర్చీ ఊగడానికి కారణం చాలాసార్లు ఇంతే. ఏ ముక్కా విరగలేదు, పట్టు మాత్రమే పోయింది.

విప్పేముందు ప్రతి ముక్క మీదా మాస్కింగ్ టేపు అతికించి నంబరు రాయండి, రెండు వైపుల నుంచీ ఫోన్‌లో ఫోటో తీసుకోండి. ఎడమ కాలు కుడి కాలు ఒకేలా కనిపిస్తాయి గానీ చేత్తో చేసిన కుర్చీలో ఏ కుసి దాని బెజ్జంలోకే సరిగ్గా వెళ్తుంది. తర్వాత మేకుల కోసం వెతకండి. ఊగుతోందని ఎవరో ఒకరు ఎప్పుడో ఒక మేకు దిగ్గొట్టే ఉంటారు. నాకు ఈ పనిలో అన్నిటికన్నా బాధనిపించేది ఇదే. మేకు కుసిని మధ్యలో చీలుస్తుంది, తుప్పు పట్టి కొయ్యని నల్లగా మారుస్తుంది, కీలుని మాత్రం బిగించదు. చుట్టూ ఉన్న కొయ్యని సన్నటి ఉలితో కొంచెం తీసి, తల దొరికాక పటకారుతో నిలువుగా లాగండి. కొన్ని కుర్చీల్లో కీలు మధ్య నుంచి గుండ్రటి కొయ్య చీల ఉంటుంది. అది మేకు కాదు, చేసినవాళ్లే పెట్టింది. దాన్ని అవతలి వైపు నుంచి తట్టి బయటికి తీసి దాచిపెట్టండి, మళ్లీ కావాలి.

ఇప్పుడు కీలు పక్కన మందపాటి గుడ్డ వేసి, దాని మీద చెక్కముక్క పెట్టి కొడతితో తట్టండి. బాదకండి, తట్టండి. రాకపోతే పాత జిగురుని మెత్తబరచాలి. పాతకాలం వాళ్లు జంతువుల చర్మం ఉడికించి తీసిన సరేసు బంక వాడేవారు. వేడి తేమ తగిలితే అది మళ్లీ బంకగా మారి వదిలేస్తుంది. సిరంజితో వేడినీళ్లు సందులోకి ఎక్కించి కాసేపు ఆగి చూడండి. మామూలు ఫెవికాల్‌తో అతికినదైతే గోరువెచ్చటి వెనిగర్, వేడి కలిసి చాలావరకు పనిచేస్తాయి, ఓపిక మాత్రం కావాలి. అరల్డైట్ లాంటి ఎపాక్సీ జిగురుతో అతికినదైతే ఇవేవీ పనిచెయ్యవు. అందుకే కుర్చీ కీళ్లలో అరల్డైట్ వాడొద్దంటాను. అది బలమైనదే, కానీ తర్వాతెప్పుడైనా విరిగితే జిగురుకి బదులు కొయ్యే విరుగుతుంది.

విప్పాక కుసి మీదా బెజ్జంలోనూ ఉన్న పాత జిగురుని పూర్తిగా తియ్యాలి. చాలామంది ఈ పని వదిలేసి పాతదాని మీదే కొత్త ఫెవికాల్ పోస్తారు. కొత్త జిగురు కొయ్య నారలోకి ఇంకితేనే పట్టు వస్తుంది. ఎండిన జిగురు పొర మీద అది పట్టదు, కొన్ని నెలల్లో కుర్చీ మళ్లీ ఊగుతుంది. తడి టూత్ బ్రష్‌తో రుద్దండి, మిగిలింది ఉలి అంచుతో మెల్లగా గీకండి. కొయ్యని మాత్రం చెక్కకండి. కుసి ఎంత సన్నబడితే కీలు అంత వదులవుతుంది.

ఇప్పుడు జిగురు లేకుండా దింపి చూడండి. చేత్తో నెడితే కొంచెం బిగుతుగా వెళ్లి, తలకిందులు చేసినా జారిపోకుండా ఉంటే అది సరైన కొలత. వదులుగా ఉంటే అదే జాతి కొయ్య మీద చిత్రిక పట్టినప్పుడు వచ్చే పల్చటి పొరని కుసి చెంపకి అతికించి, ఆరాక మళ్లీ సరిచూసుకుంటూ గీకండి. రంపపు పొట్టులో ఫెవికాల్ కలిపి బెజ్జం నింపడం అందరూ చెప్పే చిట్కా. సందు కనపడకుండా పోతుంది గానీ బలం రాదు, తర్వాత విప్పేవాళ్లకి ఆ గట్టి ముద్ద పెద్ద తలనొప్పి. కొయ్యకి కొయ్య ఆనాలి.

టేకుకి ఒక ప్రత్యేకత ఉంది. దాని సహజమైన నూనె జిగురుని పట్టనివ్వదు. అతికించడానికి ముందు కుసినీ బెజ్జాన్నీ అసిటోన్‌లోనో థిన్నర్‌లోనో తడిపిన గుడ్డతో తుడిచి, అది ఆరిన వెంటనే జిగురు రాయండి. కుసి మీదా, బెజ్జం గోడలకీ రెండిటికీ పల్చగా రాసి దింపండి.

క్లాంపులు చాలకపోయినా ఫరవాలేదు. నూలు తాడుని నాలుగు కాళ్ల చుట్టూ రెండు చుట్లు చుట్టి ముడేసి, మధ్యలో ఒక కర్ర దూర్చి మెలితిప్పండి. తిప్పేకొద్దీ నాలుగు కీళ్లూ ఒకేసారి సమంగా బిగుస్తాయి. తాడు కొయ్యలోకి దిగి గాటు పడకుండా మూలల్లో అట్టముక్కలు పెట్టండి. జిగురు ఆరకముందే రెండు సంగతులు చూడాలి. ఒక దారంతో సీటు చట్రం ఒక మూల నుంచి ఎదురు మూలకి, రెండో జతకీ కొలవండి, రెండు కొలతలూ సమానంగా ఉండాలి. తర్వాత కుర్చీని నేల మీద నిలబెట్టి నాలుగు కాళ్లూ ఆనుతున్నాయో లేదో చూడండి. ఆరాక ఊగుతోందని ఒక కాలు కోస్తే, తర్వాత రెండోది, మూడోది కొయ్యాల్సి వస్తుంది. సందుల్లోంచి బయటికి వచ్చిన జిగురుని తడిగుడ్డతో పూర్తిగా తుడవండి. అది ఉన్నచోట పాలిష్ ఇంకదు, ఆఖర్లో తెల్లటి మరకగా తేలుతుంది. ఒక రోజంతా తాడు విప్పకండి.

బీటలు, నొక్కులు, మరకలు

ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్ గాలి ఎండిపోయి బల్ల పైచెక్కలు బీటలిస్తాయి. వాటిని అప్పుడే లప్పంతో నింపాలనిపిస్తుంది. నింపకండి. కొయ్య నిడివిలో దాదాపు మారదు, అడ్డంగా మాత్రం ఉబ్బుతుంది, తగ్గుతుంది. వానలు పడ్డాక ఆ బీట దానంతటదే దగ్గరవుతుంది. మధ్యలో గట్టి ముద్ద ఉంటే మూసుకోలేక పక్కన కొత్త బీట తీస్తుంది. వానాకాలం వెళ్లాక కూడా మిగిలిన బీటని మాత్రమే సరిచెయ్యండి, అదీ అదే కొయ్యతో చేసిన సన్నటి పేడు దూర్చి. ఎయిర్ కూలర్ తడిగాలి సూటిగా తగిలేచోట పాత సామాను పెట్టకపోతే సగం బీటలు అసలు రావు.

ఏదైనా బరువు పడి లోపలికి నొక్కుకుపోయిన చోట తడిగుడ్డ పరిచి, దాని మీద ఇస్త్రీపెట్టె కొద్దికొద్దిగా ఆనించండి. ఆవిరికి నార ఉబ్బి పైకి లేస్తుంది. నార తెగిపోయిన గాటుకి ఇది పనిచెయ్యదు. పాలిష్ తీసేసిన కొయ్య మీదే బాగా పనిచేస్తుంది.

మేకుల చుట్టూ ఉండే నల్ల మరకలకి ఆక్సాలిక్ యాసిడ్ కావాలి, కెమికల్ షాపుల్లో స్ఫటికాలుగా అమ్ముతారు. ప్లాస్టిక్ గిన్నెలో వేడినీళ్లలో కరిగించి బ్రష్‌తో రాయండి. మరక తేలిపోయాక వంటసోడా నీళ్లతో, తర్వాత మంచినీళ్లతో తుడవండి. ఈ యాసిడ్ విషం. గ్లవ్స్, కళ్లద్దాలు ఉండాల్సిందే. ఎండిన పొడిని సాండ్‌ పేపర్‌తో గీకి పీల్చకూడదు. ఇత్తడి పిడులూ కీలుబందులూ విప్పి చింతపండు, ఉప్పుతో తోమితే చాలు.

గీకేముందు కడగండి

నల్లగా, జిడ్డుగా కనిపించే కుర్చీల్లో చాలావాటికి పాలిష్ బాగానే ఉంటుంది. పైన పేరుకున్నది వంటింటి పొగ, అగరుబత్తి మసి, చేతి జిడ్డు, ప్రతి పండక్కీ రాసిన కొబ్బరినూనె. గోరువెచ్చటి నీళ్లలో రెండు చుక్కల డిష్‌వాష్ లిక్విడ్ వేసి, గుడ్డ బాగా పిండి తుడవండి, వెంటనే పొడిగుడ్డతో ఆరబెట్టండి. ఇంకా జిడ్డుంటే టర్పెంటైన్‌తో తుడవండి. గుడ్డకి అంటుకునే నలుపు చూస్తే ఆశ్చర్యపోతారు. అడుగున ఎర్రటి టేకు బయటపడినప్పుడు కలిగే సంతోషం కోసమే నేను ఈ పని మానలేకపోతున్నాను.

తర్వాత పాత పాలిష్ ఏదో తెలుసుకోవాలి. కనపడని చోట దూదితో కొంచెం స్పిరిట్ పెట్టండి. ఒక నిమిషంలో మెత్తబడి బంకలాగైతే అది లక్క పాలిష్. స్పిరిట్‌కి లొంగకుండా థిన్నర్‌కి కరిగితే లాకర్. రెండిటికీ చలించకపోతే మెలమైనో పీయూనో (పాలీయూరిథేన్) అయ్యుంటుంది. లక్క పాలిష్ అయితే గీకాల్సిన పనే లేకపోవచ్చు. స్పిరిట్‌లో తడిపి బాగా పిండిన గుడ్డతో వేగంగా ఒకసారి తుడిస్తే పాత పొర కరిగి, గీతలు పూడి, మళ్లీ సమంగా పరుచుకుంటుంది. యాభై ఏళ్ల వెలుతురు తిని వచ్చిన ఆ రంగుని సాండ్‌ పేపర్‌తో తీసేస్తే దాన్ని మళ్లీ ఎవరూ తేలేరు. అందుకే గీకడానికి నేను ఎప్పుడూ తొందరపడను.

గీకక తప్పకపోతే 120తో మొదలుపెట్టి 180, 220 వరకు వెళ్లండి. ఎప్పుడూ నార వెంబడే రుద్దండి. అడ్డంగా పడ్డ గీత పాలిష్ అయ్యాకే కనిపిస్తుంది. అంచుల్ని గుండ్రంగా అరగదియ్యకండి. పైన వెనీర్, అంటే పల్చటి చెక్క పొర, అతికించినదైతే అది మిల్లీమీటరు కూడా ఉండదు, నాలుగు గట్టి రుద్దులకి అడుగు చెక్క తేలుతుంది.

ఆయిల్ పెయింట్ వేసిన పాత సామానుతో జాగ్రత్త. మన దేశంలో ఇళ్లకి వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) దాటకూడదన్న నియమాలు వచ్చింది 2016లో, అమలైంది 2017 నవంబరు నుంచి. అంతకు ముందు వేసిన రంగులో సీసం ఉండొచ్చనే అనుకోండి. పొడి వచ్చేలా గీకొద్దు. పెయింట్ రిమూవర్ రాసి, మెత్తబడ్డాక బద్దతో తియ్యండి, ఆరుబయటే, చిన్నపిల్లలు దగ్గర లేనప్పుడు.

లక్క పాలిష్

నేను వాడేది చపడా, అంటే లక్క రేకులు. మోదుగ, రేగు, కుసుమ చెట్ల కొమ్మల మీద లక్క పురుగులు కట్టే గూడు నుంచి వస్తుంది. లాడ్ బజార్‌లో గాజులు చేసే లక్కకీ దీనికీ పుట్టుక ఒకటే. దీన్ని ఎప్పుడైనా స్పిరిట్‌తో తీసెయ్యొచ్చు, కొత్త పూత పాత పూతలో కరిగి కలిసిపోతుంది. మామయ్య పెట్టిన పరీక్షలో పూర్తిగా నెగ్గే పాలిష్ ఇదే.

పావు లీటరు స్పిరిట్‌కి 50 గ్రాముల చపడా గాజు సీసాలో వేసి, అప్పుడప్పుడూ కుదుపుతూ ఒక రాత్రి ఉంచితే కరుగుతుంది. ఇనప డబ్బాలో కలపొద్దు, రంగు నల్లబడుతుంది. మలమల్ గుడ్డలో వడకట్టండి. సీసా మీద తేదీ రాయండి, ఆరు నెలలు దాటితే నమ్మకండి. అనుమానముంటే ఒక చుక్క గాజుపలక మీద వేసి చూడండి, గోటికి మెత్తగా తగులుతూనే ఉంటే పారబొయ్యండి. పాలిష్ స్పిరిట్‌లో మిథనాల్ ఉండొచ్చు, అది తాగితే చూపు పోతుంది, ప్రాణమూ పోతుంది. నీళ్ల బాటిల్‌లో ఎప్పుడూ పొయ్యకండి. స్టవ్, దీపం ఉన్న గదిలో ఈ పని పెట్టుకోకండి.

మొదట అంతే స్పిరిట్ కలిపి పల్చన చేసిన పూత ఒకటి బ్రష్‌తో వెయ్యండి. అది ఆరాక లప్పం. టేకుకి నార సందులు పెద్దవి, నింపకపోతే మెరుపు గుంటలు గుంటలుగా కనిపిస్తుంది. సుద్దపొడిలో కొంచెం జేగురు, కొంచెం పసుపు మట్టి కలిపి, కొయ్య రంగు వచ్చాక పాలిష్‌తోనే ముద్దగా చేసి, గుడ్డతో నారకి అడ్డంగా రుద్దండి. రంగు కొయ్యకన్నా ఒక పిసరు ముదురుగా ఉండాలి, లేతగా ఉంటే తెల్ల చుక్కలు కనిపిస్తాయి. ఆరాక 320తో తేలిగ్గా రుద్ది పొడి తుడవండి.

అసలు పూతకి బ్రష్ వద్దు. నిమ్మకాయంత దూదిని పాత నూలు ధోవతి గుడ్డలో మూటకట్టండి. అడుగు ముడతల్లేకుండా ఉండాలి. దూది మీద పాలిష్ పోసి, గుడ్డ గుండా ఊరేలా నొక్కండి, ముంచకండి. అరచేతి మీద అద్దితే తడి మెరవాలి గానీ చుక్క కారకూడదు. అడుగున ఒక బొట్టు లిక్విడ్ పారఫిన్ రాస్తే మూట అంటుకోకుండా జారుతుంది. దోసె పెనాన్ని నూనెగుడ్డతో తుడిచేటంత పల్చగా, చెయ్యి ఆగకుండా నడవాలి. కదులుతూనే కొయ్య మీదికి దిగాలి, కదులుతూనే లేవాలి. ఒక్క క్షణం ఆపినా కింది పొర కరిగి మచ్చ పడుతుంది. మొదట చిన్న చిన్న సున్నాలుగా, తర్వాత ఎనిమిది అంకె ఆకారంలో, ఆఖర్లో నార వెంబడి నిలువుగా. నాలుగైదు సార్లు వెళ్లాక ఒక గంట ఆగండి. మూటని మూత ఉన్న సీసాలో పెడితే ఎండిపోదు. రెండు మూడు రోజులు ఇలా పల్చటి పొరలు కట్టుకుంటూ వెళ్లాక, స్పిరిట్‌తో కొంచెమే తడిపిన కొత్త మూటతో తేలిగ్గా తుడిస్తే పారఫిన్ పోయి మెరుపు తేరుతుంది. అంత మెరుపు వద్దనుకుంటే టర్పెంటైన్‌లో కరిగించిన తేనెమైనం రాసి మెత్తటి గుడ్డతో రుద్దండి. కుర్చీలకి నాకు అదే నచ్చుతుంది.

జూలై, ఆగస్టుల్లో ఈ పని పెట్టుకోకండి. స్పిరిట్ ఆవిరయ్యేటప్పుడు చెక్క చల్లబడుతుంది, గాలిలోని తేమ దాని మీద వాలి పాలిష్ పాలలా తెల్లబారుతుంది. అలా జరిగితే ఎండ కాసే పొడి రోజున స్పిరిట్ మూటతో తేలిగ్గా తుడిస్తే పోతుంది. దసరా వెళ్లాక శివరాత్రి దాకా హైదరాబాద్‌లో పాలిష్‌కి మంచి కాలం.

డైనింగ్ టేబుల్‌కి మాత్రం లక్క వద్దు. వేడి గిన్నెకి తెల్లటి వలయం పడుతుంది, శానిటైజర్ ఒలికితే అందులోని ఆల్కహాల్ పాలిష్‌ని కరిగించేస్తుంది. అక్కడ పీయూ వేయించుకోవడమే మేలు, ఆ ఒక్కచోట నేను రాజీపడతాను. లిన్సీడ్ ఆయిల్ వాడేవాళ్లు ఇంకో సంగతి తెలుసుకోవాలి. ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది. నూనె గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేస్తే వాటంతటవే నిప్పంటుకోవచ్చు. విడివిడిగా ఆరుబయట ఆరేసి, గట్టిపడ్డాకే పారెయ్యండి.

చేత్తో చేసి చూడటమే కాదు, చేసేవాళ్లని చూడటమూ కావాలి. మీ వీధిలో కొత్త ఇంటికి పాలిష్ పని జరుగుతుంటే వెళ్లి మేస్త్రీని అడిగి ఒక పూట కూర్చోండి. మణికట్టు ఎలా తిరుగుతోందో, మూట ఎంత తడిగా ఉందో వీడియోల్లో తెలియదు. “అన్నా, నేను సాండింగ్ చేస్తా, నువ్వు చూడు” అంటే వద్దనేవాళ్లు తక్కువ. సాలార్‌జంగ్ మ్యూజియంకి వెళ్లినప్పుడు పాత ఫర్నిచర్ ముందు కొంచెంసేపు ఆగండి. నక్షీ పని అందరూ చూస్తారు, మీరు వంగి కాలూ చట్రమూ కలిసే చోటు చూడండి.

పని అయ్యాక వారం దాకా కుర్చీ మీద బట్ట కప్పకండి, ప్లాస్టిక్ కవరు అసలే వద్దు. లక్క పైకి ఆరినట్టున్నా లోపల గట్టిపడటానికి సమయం పడుతుంది. ఆ తర్వాత పొడిగుడ్డతో తుడిస్తే చాలు, కొబ్బరినూనె రాయొద్దు, దుమ్ము పడుతుంది. ఇంకో పని మిగిలింది, దాన్ని పాలిష్ మేస్త్రీలు కూడా వదిలేస్తుంటారు. కుర్చీని బోర్లించి నాలుగు కాళ్ల అడుగులకీ రెండు పూతలు లక్క వెయ్యండి. నేల తడిగుడ్డ పెట్టిన ప్రతిసారీ కొయ్య నీళ్లు తాగేది అక్కడి నుంచే.